సున్నపు గీత కింద

కొర్రకోత నెల, చిన్న చంద్రుడు నిండిన మర్నాడు

ఎరకయ్య మావ మేక బతికొచ్చింది. దీపం కొలత రాయాల్సిన చోట మేక గురించి మొదలుపెట్టడం పద్ధతి కాదని తెలుసు. కానీ ఈ రోజు రాయదగ్గది అదొక్కటే.

పొద్దున ఎప్పటిలాగే సున్నపు గీత దగ్గరికి దిగాను. మా ఏడుమెట్ల సీమలో అన్నిటికన్నా కింది మెట్టు మాది. మా చేలు అయిపోయిన చోట, కొండవాలుకు అడ్డంగా, సున్నం కొట్టిన రాళ్ళు వరసగా ఉంటాయి. వాటి కింద ఉండేది మొద్దుగాలి. అది కంటికి కనపడదు, వాసన ఉండదు. అందులోకి దిగిన మనిషి కాసేపటికి నిద్ర ముంచుకొచ్చినట్టు కూర్చుండిపోతాడు, ఇక లేవడు. నిప్పు కూడా అందులో బతకదు. అందుకే రోజూ ఒక దీపాన్ని తాడుకు కట్టి కొండ అంచు నుంచి కిందికి దింపుతాం. అది ఆరిన చోటిదాకా మొద్దుగాలి ఉన్నట్టు లెక్క. ఆ పని మా అమ్మ పోయాక నాకు వచ్చింది.

ఆ దీపం, సీమ చరిత్ర పాడే మనిషి ఉండే చరిత్ర ఇంటి నుంచి, మూత కట్టి వస్తుంది. దాన్ని వెలిగించి, సీమ చరిత్ర పాడుకుంటూ, పాట నడకను బట్టి తాడు వదలాలి. ఈ రోజు కూడా, తాడుకు కొలత కోసం వేసిన ముళ్ళలో రోజూ ఆరే ముడి దగ్గరే చిటపటమని ఆరిపోయింది. పైకి లాగి, మూత కట్టి, తాడు చుడుతుంటే కింద నుంచి మెడగంట చప్పుడు వినిపించింది. వారం కిందట తప్పిపోయిన మేక సున్నపు రాళ్ళు దాటి తాపీగా పైకి వచ్చింది. ఒంటి నిండా పచ్చటి ముళ్ళకాయలు అంటుకుని ఉన్నాయి. అలాంటివి నేను ఎప్పుడూ చూడలేదు. పొదుగు నిండుగా ఉంది. నా పక్కనుంచే ఇంటిదారి పట్టింది.

మొద్దుగాలికి మేక పోయిన ఇంటికి ధాన్యపు కొట్టు నుంచి గంపెడు కొర్రలు ఇస్తారు. ఈ ఏడు పంట సగం కూడా రాలేదు. గంపెడు కొర్రలంటే ఒక ఇల్లు కొన్నాళ్ళు గంజి తాగుతుంది. ఎరకయ్య మావ మేకను ఎక్కడో దాచాడనే నా అనుమానం.


మరుసటి రోజు

ఎరకయ్య మావ ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య పోయింది, పిల్లలు లేరు. ఆ మేకలే ఆయన సంసారం. మేకను ఎక్కడ కట్టేశావని సూటిగానే అడిగాను. ఆయన పాలు పితకడం ఆపి నా వైపు చూశాడు.

"కొట్టు కొర్రలు నాను ఇంకా తేనేదు తవిటమ్మా. మేక పోయిందని తెలిసిన్నాడే తెచ్చుకోవొచ్చు. బెంగెట్టుకుని కూకున్నాను గానీ పోనేదు." తరువాత ముళ్ళకాయ ఒకటి నా చేతిలో పెట్టాడు. "ఏడు మెట్లూ తిరిగి, ఈ సెట్టు ఏడుందో సూపించు. నీకు అనుమానం రావాలంటే నా మీద కాదు, నీ దీపం మీద రావాల."

నాకు ఒళ్ళు మండింది. అయినా ఆ కాయ కొంగున ముడేసుకుని పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. దాలమ్మ పెద్దమ్మ మా అమ్మకు అక్క. నన్ను పెంచింది ఆవిడే. చరిత్ర ఇంట్లో ఉంటుంది, సీమ చరిత్ర పాడేది ఆవిడే, రోజూ దీపంలో నూనె పోసేదీ ఆవిడే. ఈ కొండ మీద ఆవిడకు పేరు తెలియని ఆకు లేదు. ఏదైనా తెలియని మొక్క చూపిస్తే వాసన చూస్తుంది, నమిలి చూస్తుంది, గంటసేపు దాని గుణాలు చెబుతుంది. ఈ కాయ చూపించగానే మాత్రం నా చేతిలోంచి తీసుకుని పొయ్యిలో వేసేసింది. పేరు చెప్పలేదు, ఎక్కడిదని అడగలేదు. గంజి చల్లారిపోతోంది తినమంది.

నేను గంజి తిన్నాను. మంట వైపు చూస్తున్న ఆవిడ ముఖాన్నే గమనిస్తూ తిన్నాను.


ముసురు పట్టిన రోజు

నిన్నటి నుంచి ఎవరిని చూసినా అనుమానంగానే ఉంది. మా ఆయన బుచ్చన్న ధాన్యపు కొట్టుకు కాపలా ఉంటాడు. ఈ మధ్య పొద్దున పోయి సాయంత్రానికి అలసిపోయి వస్తున్నాడు. కొట్టు ముందు కూర్చునే మనిషికి అంత అలసట ఎందుకు? నిన్న కాళ్ళు కడుక్కుంటుంటే చూశాను. కాలువలోకి ఎర్రటి నీళ్ళు జారాయి. మా మెట్టు నేల నల్లన, పై మెట్లు సుద్ద నేలలు. ఈ ఎర్రమట్టి ఎక్కడిదని అడిగితే, కొట్టు గోడకు పూత వేస్తున్నామన్నాడు. ఈ పొద్దున కొట్టు వైపు తిరిగి వెళ్ళాను. గోడకు ఏ పూతా లేదు.

ఆ చిరాకుతోనే దీపం దింపాను. తాడు వదులుతూ, నోటికి వచ్చిన చరిత్ర పాడుతూ, మొదటిసారి మాటలు విన్నాను. మా పూర్వులు కింద మైదానంలో ఏళ్ళ ఒడ్డున బతికారు. ఉప్పు కోసం యంత్రాలు పెట్టి నేలను మరీ లోతుకు తొలిచారు. ఒకనాడు బావుల్లో దించిన దీపాలు ఆరిపోయాయి. తరువాత నేల మీద పడుకున్న కుక్కలు లేవలేదు. ఆ తరువాత చాపల మీద పడుకోబెట్టిన పిల్లలు. గాలి నీళ్ళలాగా ఎక్కుతూ వచ్చింది, జనం కొండకు పరుగెత్తారు. కొండకు ఎక్కే ఒకే దారైన మెడదారి ఇరుకులో ఇనపరేకు తాపిన తలుపు కట్టారు, అది మూస్తే మొద్దుగాలి మరీ పైకి రాదని. చివరి మనిషి దాటాక తలుపు వేశారు. ఎవరినీ వదిలి రాలేదు.

ఆ ఆఖరి మాట మీదే మా సీమ నడుస్తుంది. గట్టు తగాదా వచ్చినా, గింజలు పంచాల్సి వచ్చినా, పెద్దలు ఆ మాట గుర్తుచేస్తారు. ఎంత పిసినారి అయినా అది విన్నాక గంప దించుతాడు.

సరిగ్గా ఆ మాట దగ్గరే దీపం ఆరింది. రోజూ అక్కడే ఆరుతుందని అప్పుడు తట్టింది. పైగా చిటపటమని ఆరుతుంది. అమ్మ రోజుల్లో దీపం చప్పుడు లేకుండా ఆరేది, ఎవరో చేత్తో మూసినట్టు.

దీపం పైకి లాగి మూత కట్టకుండా లోపల చూశాను. నూనె లేదు. అడుగున నీళ్ళున్నాయి. నీళ్ళ మీద పలచగా నూనె పోసి, తేలే ఒత్తి వేశారు. పాట ముగిసేసరికి నూనె అయిపోతుంది, ఒత్తి నీళ్ళలో పడుతుంది. ఇంటికి పరుగెత్తి వంటింటి ప్రమిద తెచ్చి, నిండా ఆముదం పోసి, పాట లేకుండా దింపాను. తాడు అయిపోయింది. కింద ముసురులో దీపం వెలుగుతూనే ఉంది.

నాకు సంతోషం వేయలేదు. ఇన్నాళ్ళు నా చేతులతో అబద్ధం చెప్పించారు. చరిత్ర ఇంటి దీపం చంకన పెట్టుకుని పెద్దమ్మ దగ్గరికి నడిచాను.


అదే రోజు, పొద్దుగూకే ముందు

పెద్దమ్మ వాకిట్లో కూర్చుని గోంగూర కాడలు నారకోసం చీలుస్తోంది. దీపం ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ దాని వైపు చూసి, చేతులు తుడుచుకుంది.

"నీళ్ళు పోసింది నానే," అంది.

ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. మా అమ్మ పోయిన ఏటి నుంచి అంది. మొద్దుగాలి దిగడం అప్పుడే మొదలైందట. పై మెట్ల వాళ్ళతో కలిసి గీత కింది నేల దాచుకుంటున్నావా, మా మెట్టు పిల్లలు గంజినీళ్ళు తాగుతుంటే నువ్వు ఎవరికోసం కాపలా కాస్తున్నావు అని నోటికొచ్చినట్టు అడిగాను. పెద్దమ్మ నన్ను ఒక్కసారి కూడా అడ్డుకోలేదు.

"నేల కోసమనుకున్నావేటి," అంది చివరికి. "కొర్రలు పంచే దినం ఎల్లిపోనీ అమ్మీ. ఆ మర్నాడు నానే అందరికీ సెప్తాను. అంతవరకు నోరు కట్టుకో."

బుచ్చన్నకు తెలుసా అని అడిగాను. చీల్చిన నార మళ్ళీ చేతిలోకి తీసుకుంది. అదే జవాబు.

కొర్రలు పంచే రోజుకు ఇంకా నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజుల్లో ఏం సర్దుకుంటారో అని నా అనుమానం. ఎరకయ్య మావ దగ్గరికి వెళ్ళి, నువ్వన్నది నిజమేనని ఒప్పుకున్నాను. రేపు కిందికి దిగుదాం రమ్మన్నాను. ఆయన మూలనున్న గొడ్డలి తీసి పదును చూసుకున్నాడు.


ముసురు తెరిపి ఇచ్చిన రోజు

దిగాం. చూశాం. రాయడం కష్టంగా ఉంది, అయినా వరసగా రాస్తాను.

వెదురుకర్ర చివర దీపం కట్టి నేను ముందు నడిచాను. సున్నపు రాళ్ళు దాటేటప్పుడు ఊపిరి బిగబట్టాను, ఎంతసేపు బిగబట్టగలను, వదిలేశాను. గాలి మామూలుగానే ఉంది. తడిమట్టి వాసన, ఏదో పువ్వు వాసన. నేల ఎర్రన, చేతిలోకి తీసుకుంటే పిండిలా ఉంది. మోకాలెత్తు గడ్డి. మేక ఒంటికి అంటుకున్న ముళ్ళకాయల పొదలు ఎక్కడ చూసినా ఉన్నాయి. ఒక చెలమలో నీళ్ళు ఊరుతున్నాయి. ఎరకయ్య మావ వంగి దోసిట్లో తాగి, కళ్ళు తుడుచుకున్నాడు. ఇంత నేల పెట్టుకుని మనం పస్తులున్నామా అన్నాడు.

ఇంకొంత దిగాక మెడదారి వచ్చింది. రెండు బండల నడుమ తలుపు. ఇనపరేకు తుప్పు పట్టింది గానీ తలుపు గట్టిగానే ఉంది. మా వైపు నుంచి అడ్డదూలం వేసి ఉంది. దూలం చాలదన్నట్టు తలుపుకు బండరాళ్ళు ఆనించి ఉన్నాయి. మొద్దుగాలికి బండరాళ్ళు ఎందుకని ఎరకయ్య మావ అడిగాడు. నాకు అప్పటికే అర్థమైంది.

తలుపు పక్కన సందు మూయడానికి కట్టిన గోడ ఒకచోట కూలి ఉంది. మేక వచ్చింది అటునుంచే. మేమూ అందులోంచి దాటాం.

అవతల ఎముకలు. తలుపుకు ఆనుకుని గుట్టగా, తరువాత దారి పొడవునా పలచగా. రాగి బిందెలు, ఒక తిరగలి రాయి. తలుపు అటువైపు రేకు సొట్టలు పోయి ఉంది. మనిషి నడుము ఎత్తున గీతలున్నాయి, అంతకన్నా కిందా ఉన్నాయి. కింద ఉన్నవి పిల్లలవి.

ఎరకయ్య మావ గొడ్డలి కింద పెట్టి కూర్చుండిపోయాడు. మొద్దుగాలేమోనని భయపడి ఆయన్ని లాగబోయాను. గాలి కాదు.

కొంచెం ఎడంగా కొత్తగా తవ్విన గుంతలు కనిపించాయి. పూడ్చినవి చాలా ఉన్నాయి, ఒక్కోదాని మీద ఒక్కో తెల్లరాయి. పాతవాటి మీద గడ్డి మొలిచింది. చివరిదాని పక్కన ఒక మనిషి మోకాళ్ళ మీద కూర్చుని మట్టి సర్దుతున్నాడు. మా ఆయన.

బుచ్చన్న మమ్మల్ని చూసి లేవలేదు. పార మీద చెయ్యి వేసి అలాగే ఉన్నాడు. దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చున్నాను. మొదట్లో పెద్దమ్మ ఒక్కతే వచ్చి పూడ్చేదట. మోకాళ్ళు పట్టేశాక, రెండేళ్ళ కిందట, ఈయన్ని బతిమాలిందట. నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"పొద్దున లేత్తే నువ్వు పాడే పాట అది. తెలిసేక పాడగలవా?" అన్నాడు.


కొర్రలు పంచిన రోజు

ఎరకయ్య మావ నోరు కట్టుకుంటాడని నేను అనుకోలేదు, కట్టుకోలేదు కూడా. ఈ పొద్దునకల్లా మా మెట్టులో సగంమందికి కింద మంచి నేల ఉందన్న సంగతి తెలిసింది. తలుపు సంగతి మాత్రం ఆయన చెప్పలేదట. నోరు రాలేదన్నాడు.

ధాన్యపు కొట్టు ముందు ఏడు మెట్ల వాళ్ళూ చేరారు. పంట కాస్త బాగా వచ్చింది అన్నిటికన్నా పైనున్న కొసమెట్టులోనే. వాళ్ళ పెద్ద వీరమల్లు తాళంచెవి పట్టుకుని నిలబడ్డాడు. కింద నేల దొరికిందట కదా, ఇక మా గింజలు మీకెందుకు అని ముందే గొణుగుడు మొదలైంది. మా వాళ్ళు, ఇన్నాళ్ళు దాచింది మీరేనని అరిచారు. రెండు వైపులా చూపులు చూస్తే కర్రలు లేవడానికి ఎంతోసేపు పట్టదనిపించింది.

పెద్దమ్మను కుర్చీలో మోసుకొచ్చారు. పంపకానికి ముందు చరిత్ర పాడాలి. ఆవిడ మొదలుపెట్టింది. బావులు, కుక్కలు, పిల్లలు, పరుగు. జనం సద్దుమణిగారు. ఆ ఒక్క మాట అంటే చాలు, వీరమల్లు తాళం తీస్తాడు. నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. నిజం చెప్పాలంటే, అనేస్తే బాగుండునని నాకే అనిపించింది. మా మెట్టు పిల్లలు ఖాళీ గంపలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

పెద్దమ్మ పాట ఆపింది. నా వైపు చూసింది. ఇక మామూలు గొంతుతో చెప్పింది.

"సివరి మనిషి దాటనేదు. తలుపు అవతల శానామంది ఉండిపోయినారు. కొట్టినారు, పిలిసినారు. గాలి ఎక్కొత్తందని మనవోళ్ళు తియ్యనేదు. దూలం ఏసినోడు మా తాత. సచ్చిపోయే ముందు నాకు సెప్పేడు. గాలి దిగినాక ఎల్లి సూసినాను. అందర్నీ మట్టి సేసినాక మీకు సెప్దామనుకున్నాను. అవనేదు."

ముందు వరసలో వాళ్ళు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. తరువాత వీరమల్లు, గాలి దిగిపోతే మరి దీపం రోజూ ఎలా ఆరిందని అడిగాడు. అందులో నీళ్ళు పోసింది నానే అంది. అతను తాళంచెవిని పంచెలో దోపుకుని, ఎవరినీ చూడకుండా పైకి నడిచాడు. అతని వెనక కొసమెట్టు వాళ్ళు ఒక్కొక్కరే కదిలారు. మా మెట్టు వాళ్ళు కొందరు నా వైపు, బుచ్చన్న వైపు చూసిన చూపు కన్నా రాయి తగిలినా ఓర్చుకునేదాన్ని.

కొర్రలు పంచలేదు.


రెండు రోజుల తరువాత

మా ఇంటికి ఎవరూ నిప్పుకు రావడం లేదు. నేను ఎదురైతే ఆడవాళ్ళు బిందె భుజం మార్చుకుని పక్కకు తప్పుకుంటున్నారు. నిండా నూనె పోసిన దీపం దింపి, ఆరలేదని చెప్పినా, ఇది మాత్రం నిజమని నమ్మకమేంటని అడుగుతున్నారు. అడగాల్సిందే. వాళ్ళ చోట ఉంటే నేనూ అడిగేదాన్ని. అందుకే ఈ రోజు దీపం వదిలేసి, అందరూ చూస్తుండగా నేనే గీత దాటి దిగాను. చెలమ నీళ్ళు ముంచుకుని తెచ్చి వాకిట్లో పెట్టాను.

మధ్యాహ్నానికి మా మెట్టు వాళ్ళు పలుగులు పట్టుకుని దిగారు. దున్నడానికి కాదు. బుచ్చన్న తవ్వి ఆపిన చోట మొదలుపెట్టి, మిగిలిన ఎముకలకు గుంతలు తవ్వారు. ఎవరు ఎవరికి చుట్టాలో తెలియదు కాబట్టి ఎవరికి ఎదురైన ఎముకలు వాళ్ళు తీశారు.

సాయంత్రానికి కొసమెట్టు నుంచి ముగ్గురు ముసలమ్మలు దిగారు. తలల మీద మూటల్లో కొర్రలు. గట్టు మీద దించి, వాళ్ళూ పారలు అందుకున్నారు.


విత్తనాల నెల, చిన్న చంద్రుడు కనపడని రోజు

ఎర్రనేలలో మొదటి చాళ్ళు పడ్డాయి. కొసమెట్టులో సగం ఇళ్ళు ఇంకా మాతో మాట్లాడవు. వీరమల్లు మాత్రం నిన్న వచ్చి, దూరంగా నిలబడి, తలుపు చూసి వెళ్ళాడు. వారం కిందటే బండలు తొలగించి, వాటితో కూలిన గోడ పూడ్చి, తలుపు బార్లా తీశాం. పెద్దమ్మ ఎవరు చెప్పినా వినకుండా అక్కడే పాక వేయించుకుంది. గుమ్మం మీద కూర్చుని రోజంతా విత్తనాలు చెరుగుతుంది.

ఈ పొద్దున, మెడదారికి అవతల, దూరంగా, పొగ కనిపించింది.

మధ్యాహ్నానికి ఇంకాస్త దగ్గరలో మళ్ళీ లేచింది. దారిలో ఆగి వండుకుంటున్న వాళ్ళ పొయ్యి పొగ. అవతల ఇంకో కొండ ఉందని, దాని మీదా మనుషులు మిగిలారని మా చరిత్రలో ఎక్కడా లేదు. కాసేపట్లో ఏడు మెట్ల వాళ్ళూ మెడదారి దగ్గర ఉన్నారు. కొర్రల దగ్గర కలవని వాళ్ళు ఇప్పుడు ఒకే మాట మీద ఉన్నారు. ఎవరో ఏమో, ఎందుకొస్తున్నారో, విత్తనం వేసిన చేలు, ముందు తలుపు వెయ్యండి. వీరమల్లూ మా మెట్టు కుర్రాళ్ళిద్దరూ కలిసి దూలం ఎత్తారు. నాకూ భయమే. నిజానికి నేనూ ఒక చెయ్యి వేయబోయాను.

పెద్దమ్మ గుమ్మం మీద నుంచి లేవలేదు. చాట ఒళ్ళో అలాగే ఉంది. ఆవిడను దాటి తలుపు మూతపడదు. వీరమల్లు లేవమని బతిమాలాడు.

"ఎయ్యి," అంది. "నన్ను అవతలికి నెట్టి ఎయ్యి."

దూలం పట్టుకున్న వాళ్ళు చాలాసేపు దాన్ని మోస్తూనే నిలబడ్డారు. తరువాత బరువు ఆగక ఒకవైపు దించారు. రెండో వైపు దానంతటదే దిగింది.

వాళ్ళు వచ్చారు. పదిమంది దాకా ఉంటారు. ఎండకు నల్లబడ్డ ముఖాలు, నారబట్టలు, నెత్తిన మూటలు. మమ్మల్ని చూడగానే ఆగిపోయారు. వాళ్ళలో వాళ్ళు ఏదో మాట్లాడుకున్నారు. మాట యాస వేరు, సగం అర్థమైంది. "ఇక్కడి గాలి" అన్నారు. ముందున్న ఆడమనిషి చేతిలో చిన్న వెదురు పంజరం ఉంది, అందులో బూడిదరంగు పిట్ట. ఆమె మా వైపు రాకుండా, మేము దీపం దింపినట్టే, చెయ్యి చాచగలిగినంత చాచి, పంజరాన్ని మా గుమ్మం మీదికి పట్టుకుంది. పిట్ట ఊపిరి ఆడుతుందో లేదోనని రెప్ప వేయకుండా చూస్తోంది.

పెద్దమ్మ చాటలోంచి నాలుగు గింజలు తీసి పంజరంలో వేసింది. పిట్ట తిన్నది. ఆ మనిషి పంజరం వెనక్కి తీసుకోలేదు. నేను పక్కకు జరిగి దారి ఇచ్చాను.